ఇరవై ఎనిమిది కిలోలు

హామిల్టన్,
జనవరి 14, 2004.

అక్కా,

కవరు మీద నా చేతిరాత చూడగానే నీ గుండె ఝల్లుమని ఉంటుంది. కంగారుపడకు, బతికే ఉన్నాను. సోమ, బుధ, శుక్రవారాలు నాలుగేసి గంటలు ఎడమ చేతిని డయాలసిస్ మిషనుకి అప్పగించి కూర్చుంటాను కదా, కుడి చెయ్యి ఖాళీ. ఎదురుగా టీవీలో ఎప్పుడూ వంటల కార్యక్రమమే. బంగాళాదుంప తినకూడదు, టమాటా తినకూడదు, నీళ్లు కొలుచుకుని తాగాలి అని ఆంక్షలున్న పన్నెండు మంది రోగుల ముందు ఎవడో తెల్ల టోపీ పెట్టుకుని టమాటా సూపు కలుపుతుంటాడు. అది చూడలేక కాగితం తీశాను.

ఫోను చెయ్యొచ్చు. కానీ మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికల్లా ఎవరో ఒకరం ఠక్కున పెట్టేస్తాం. అమ్మ పోయిన ఈ ఆరేళ్లలో జరిగింది అదే.

సంగతి ఇది. నువ్వు నాకు కిడ్నీ ఇవ్వడానికి నీ రక్తం, నా రక్తం సరిపోయాయని నవంబరులో తెలిసినప్పుడు ఇక్కడి నర్సు నన్ను కావలించుకుంది. ఆ తరవాత ఉలుకూ పలుకూ లేదు. ఎప్పుడడిగినా "దాత సంగతులు మేం చెప్పకూడదమ్మా, మీ అక్కనే అడగండి" అంటోంది. అందుకని అడుగుతున్నాను. సాస్కటూన్‌లో నిన్ను పరీక్షించిన డాక్టర్లు నీతో ఏమన్నారు? ఒకవేళ నువ్వే మనసు మార్చుకుని ఉంటే ఒక్క ముక్క రాసి పడెయ్. ఎందుకని అడగను. అడిగే మొహం నాకు లేదని నాకూ తెలుసు. వరుసలో ఉంటే ఇంకో అయిదారేళ్లకి చనిపోయినవాళ్లెవరిదో ఒకటి దొరుకుతుందంటున్నారు.

ఆర్నాల్డ్ బావని అడిగానని చెప్పు.

లరిస


యార్క్‌టన్,
ఫిబ్రవరి 2.

లరిసా,

మనసు మార్చుకోవడమేంటే, పిచ్చి మొహమా! నీ ఉత్తరం బడి వంటింట్లో, పిండి చేతుల్తోనే చదివాను. ఇక్కడ మైనస్ ముప్ఫై ఎనిమిది. బండి ఇంజను గడ్డకట్టకుండా రాత్రంతా కరెంటు తగిలిస్తే తప్ప పొద్దున్న మూలగడం లేదు. మీ బావా అంతే.

డాక్టర్లు అంతా బ్రహ్మాండంగా ఉందన్నారు. గుండె బాగుంది, షుగరు లేదు. "కిడ్నీలు పాతికేళ్ల పిల్లవి లాగా ఉన్నాయి" అన్నాడు పెద్దాయన. నలభై ఏడేళ్లదాన్ని పట్టుకుని ఆ మాట అన్న మగాడు ఇంకొకడు లేడు. ఒక్కటే మెలిక. ఆపరేషనుకి ముందు కాస్త ఒళ్లు తగ్గాలట. ఎంతో కాదు, ఓ పది కిలోలు. అది నీకు రాయడమెందుకులే, తగ్గాక చెబుదామని ఊరుకున్నాను.

మంగళవారాలు చర్చి కింది గదిలో డోరిన్ పైల్ నడిపే బరువు తగ్గే సంఘంలో చేరాను. తూకం చూస్తుంది, తగ్గినవాళ్లకి చప్పట్లు కొట్టిస్తుంది, క్యారెట్ ముక్కలు పెడుతుంది. ఈస్టరుకల్లా అయిపోతుంది. నువ్వు మాత్రం ధైర్యంగా ఉండు.

స్టెఫా


హామిల్టన్,
ఫిబ్రవరి 20.

అక్కా,

పది కిలోలేనా! నేను ఎన్నెన్ని ఊహించుకున్నానో! ఉత్తరం చదివి కుర్చీలోనే గట్టిగా నవ్వితే మిషను కూత పెట్టింది. పక్క కుర్చీలో ముసలాయన ఉలిక్కిపడి లేచాడు.

పది నీకో లెక్కా? నేను ఏ కష్టం లేకుండా పద్నాలుగు తగ్గాను. జబ్బు చేస్తే చాలు, మహా సులువు.

ఇందులో ఒక ఫోటో పెడుతున్నాను. నర్సు తీసింది. గొట్టాలతో సహా నా అందమంతా పడింది. దీన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటించు. తలుపు తీయబోయినప్పుడల్లా నా మొహం కనపడాలి. పెరోగీ కుడుముల మీద చెయ్యి పడినప్పుడల్లా నన్ను తలుచుకో. ఇంతకంటే మంచి మందు ఏ డాక్టరూ రాయలేడు.

తొందరపెట్టడం లేదు. నిజం చెప్పాలంటే పెడుతున్నాను.

లరిస


యార్క్‌టన్,
ఏప్రిల్ 13.

చెల్లీ,

పండగ బాగా జరిగింది. చర్చిలో పండగ తిండి బుట్టలకి దీవెన అయ్యాక ఇంటికి పదకొండు మంది వచ్చారు. నేను పండగ రొట్టె ఒక్క ముక్కే తిన్నాను. ఏడు కిలోలు పోయాయి. ఇంకా మూడు.

నీ ఫోటో ఫ్రిజ్ మీదే ఉంది.

బడిలో పని ఎక్కువగా ఉంది. మళ్లీ రాస్తాను.

స్టెఫా


హామిల్టన్,
మే 5.

స్టెఫా,

ఆదివారం పొద్దున్న ఫోను చేశాను. నువ్వు చర్చికి వెళ్లావట. బావ ఎత్తాడు. ఆయనకి అబద్ధం ఆడటం రాదు కదా.

"ఇంకో మూడు కిలోలేగా బావా, ఈపాటికి అయిపోయి ఉంటాయి" అన్నాను.

"మూడేంటి లరిసా? మొత్తం ఇరవై ఎనిమిది కదా తగ్గాల్సింది. పాపం దాని తిప్పలు అది పడుతోంది. ఇప్పటికి ఇంకో మూడు పెరిగింది" అన్నాడు. ఆ తరవాత ఏదో తప్పు చేసినట్టు ఆగిపోయి, "దానికి చెప్పకే" అన్నాడు.

మూడు నెలలుగా నేను కాలెండరు మీద నీ కిలోలు కొట్టేస్తూ కూర్చున్నాను. లైబ్రరీలో సెలవు కూడా అడిగాను. వద్దనిపిస్తే వద్దని చెప్పొచ్చుగా? ఇష్టం లేని పనికి ఇన్ని అంకెలెందుకు కల్పించావు?

లరిస


యార్క్‌టన్,
మే 30.

లరిసా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది చింపను. చెత్తగా ఉన్నా పంపుతాను.

మీ బావ చెప్పింది నిజం. జనవరిలో నూట ఇరవై ఒకటి ఉన్నాను. తొంభై మూడుకి రావాలన్నారు. ఇప్పుడు నూట ఇరవై నాలుగు. ఆ ఫిబ్రవరి ఉత్తరంలో ముందు ఇరవై ఎనిమిది అనే రాశాను. రాసి చూసుకున్నాను. నా చెల్లెలు, జీవితంలో ఎప్పుడూ సన్నగా ఉన్న నా చెల్లెలు, ఈ అంకె చదువుతుంది అనుకునేసరికి చెవులు కాలిపోయాయి. ఆ కాగితం ఉండ చుట్టి పొయ్యిలో వేసి ఇంకో కాగితం మీద పది అని రాశాను. నీ ప్రాణం కంటే నా పరువు నాకు ఎక్కువైంది. ఇష్టం లేక కాదే. ఇష్టం లేకపోతే ఇంత సిగ్గెందుకు?

నీ ఫోటో ఫ్రిజ్ మీద పెట్టాను, అది అబద్ధం కాదు. పెట్టిన వారానికి గరాజులో పాత ఫ్రిజ్‌ని తుడిచి, వెన్న, మీగడ, తీపి అన్నీ అందులోకి మార్చాను. దాని తలుపు మీద నీ మొహం లేదు కదా.

బడిలో నాలుగు వందల మందికి వండుతాను. అందరితో కూర్చున్నప్పుడు ఆకులూ దోసకాయలూ తింటాను. తరవాత సరుకుల గదిలోకి వెళ్లి, తలుపు మూసి, మిగిలిన దాల్చినచెక్క బన్నులు నిలబడి తింటాను. నిలబడి తింటే తిన్నట్టు కాదని ఎప్పుడో నాకు నేనే చెప్పుకున్నట్టున్నాను. నమలను కూడా.

పోయిన మంగళవారం డోరిన్ తూకం చూసి నా చెవిలో "మొదటి రోజు కంటే మూడు ఎక్కువ, స్టెఫా" అంది. గుసగుసే. కానీ ఆ గదిలో క్యారెట్ కొరికే చప్పుడు ఆగిపోయింది. అందరూ జాలిగా చూశారు. బయటికొచ్చి పెట్రోలు బంకులో ఆరు బన్నులు కొని, ధాన్యం గోదాము వెనక బండి ఆపుకుని తినడం మొదలుపెట్టాను. నాలుగోది నోట్లో ఉండగా కిటికీ మీద టకటక. ఇరీన్ కుష్నీర్. నీకు గుర్తుండాలి, చర్చిలో పాడేది, ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు. కుక్కని నడిపిస్తూ వచ్చింది. నాకు మింగడానికి లేదు, ఉమ్మడానికి లేదు. అద్దం దించాను.

"ఆ మిగిలిన రెండూ తినేవేనా?" అంది.

తలూపాను.

"అయితే ఒకటి ఇటివ్వు" అని అటు తిరిగొచ్చి పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. చిన్నచిన్న ముక్కలు తుంచుకుని పావుగంట తింది. వేళ్లు తుడుచుకుని, "బాగుంది. నువ్వు మాత్రం నాలుగు తిన్నా రుచి చూసినట్టు లేవే అమ్మాయ్" అంది.

అప్పుడు ఏడ్చాను. నీ సంగతి, నా సంగతి అంతా కక్కేశాను. "ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఇది మా చెల్లెల్ని చంపుతోంది అనుకుంటాను. అలా అనుకున్నాక ఇంకో రెండు తింటాను" అని చెప్పాను. ఆవిడ నీతులేం చెప్పలేదు. "రేప్పొద్దున ఆరింటికి ఊళ్లో స్విమ్మింగ్ పూల్‌కి రా. మేమంతా ముసలోళ్లం, కళ్లజోళ్లు తీసేస్తే మాకు నువ్వూ గోడా ఒకటే" అంది.

నేను వెళ్లలేదు.

నువ్వు ఇంకెవరినైనా చూసుకో లరిసా. నా మీద పెట్టుకుంటే నీకు మిగిలేది ఏమీ లేదు.

స్టెఫా


హామిల్టన్,
జూన్ 9.

అక్కా,

నీ ఉత్తరం కుర్చీలో కూర్చుని మూడుసార్లు చదివాను. నర్సు వచ్చి "ఏమైనా చెడు వార్తా?" అని అడిగింది. "కాదు, మా అక్క మొదటిసారి నాతో మాట్లాడింది" అన్నాను.

నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెప్పాలి. ఇది నర్సుకి కూడా తెలియదు.

నాకు రోజుకి ఒక లీటరు నీళ్లు. అంతే. సూపు, మందు మింగే గుక్క అన్నీ కలిపి. నా కిడ్నీలు బయటికి పంపలేవు కాబట్టి తాగినదంతా ఒంట్లోనే ఉండిపోతుంది. కుర్చీ ఎక్కే ముందు నాకూ తూకమే. రెండు కిలోలకి మించి పెరగకూడదు. నేను నాలుగున్నరతో వస్తాను. "ఏం తాగారు?" అంటుంది నర్సు. "ఏమీ లేదే, మీ తూకం మిషను తప్పేమో" అంటాను దొంగలా. స్నానం చేస్తూ నోరు తెరిచి నిలబడతాను. మార్చిలో ఒక రోజు లైబ్రరీ బల్ల మీద కుండీలో ట్యులిప్పులు ఉన్నాయి. ఎవరూ లేరు. పూలు తీసి, ఆ నీళ్లు తాగి, పూలు మళ్లీ సర్దాను. రెండు రోజులకి అవి వాడిపోతే పక్కామె "ఈసారి మంచి పూలు రాలేదు" అంది. నేనూ అవునన్నాను.

ఆ నీళ్లు నా గుండెని ముంచుతాయని నాకు తెలియదా? గోడ మీద బొమ్మ కూడా అతికించారు, నీళ్లలో మునిగిన గుండె. ఆ బొమ్మ చూసి వచ్చిన రోజే ఎక్కువ తాగుతాను. నిన్ను ఫ్రిజ్ మీద ఫోటో పెట్టుకోమన్నది ఇంత తెలిసిన దాన్ని! బుద్ధి లేక పంపాను. దాన్ని చింపెయ్.

ఇంకొకటి. నేను తొమ్మిదో క్లాసులో ఉండగా మరిచిపోయిన నా భోజనం డబ్బా పట్టుకుని నువ్వు మా క్లాసు దాకా వచ్చావు. పక్కనున్న అమ్మాయిలు "ఎవరే ఆ ఏనుగు?" అని నవ్వారు. నేను "ఏమో, మా పక్క పొలం వాళ్లమ్మాయి" అన్నాను. నువ్వు దూరంగా ఉన్నావు, వినలేదనుకున్నాను. ఆ రోజు డబ్బా నాకు అందలేదు. ఎందుకు అందలేదని నేను ఇంటికొచ్చి అడగలేదు. ముప్ఫై ఏళ్లుగా అడగలేదు. ఆ నోటితోనే నిన్ను కిడ్నీ అడిగాను.

అందుకని ఇప్పుడు ఒక మాట. నీ కంచంలోంచి నన్ను తీసెయ్. నాకోసం తగ్గొద్దు. నా కోసమని కూర్చుంటే నువ్వు తినే ప్రతి ముద్దా హత్య అవుతుంది, ఎవరు మాత్రం ఎన్నాళ్లు భరిస్తారు? డాక్టరు నీ కిడ్నీలు పాతికేళ్ల పిల్లవి అన్నాడని రాశావు. వాటిని అంత పదిలంగా ఉంచింది నువ్వు రోజూ తిట్టుకునే ఆ ఒళ్లే కదా. దాన్ని కొట్టి దారికి తేవాలని చూశావు ఇన్నాళ్లూ. కొన్నాళ్లు బాగా చూసుకుని చూడు, ఏమవుతుందో.

ఇక నాకు అంకెలు రాయకు. ఆ వారం నీ ఒళ్లు నీకు చేసిపెట్టిన పని ఒక్కటి రాయి. నేనూ రాస్తాను. ఇంకెవరినో చూసుకోమన్నావు. చూసుకోను. పట్టినంత కాలం పట్టనీ.

నీ లరిస


యార్క్‌టన్,
జూలై 11.

లరిసా,

విన్నానే. మీ క్లాసు బయట సామాన్ల అలమార్ల పక్కనే ఉన్నాను. అక్కణ్ణించి బయటికొచ్చి, ఇంటికెళ్లే బస్సులో నీ డబ్బా తెరిచి మొత్తం నేనే తినేశాను. కోడిగుడ్డు రొట్టె, ఆపిల్ ముక్క. ఆకలి లేదు. నువ్వు ఇంటికొచ్చి అడిగితే ఏం చెప్పాలా అని సాయంత్రం దాకా భయపడ్డాను. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. చూశావా, ఇద్దరం దొంగలమే.

ఆ ఫోటో చింపలేదు. తీసి అమ్మ పెట్టెలో పెట్టాను. ఎంత గొట్టాలున్నా అది నీ మొహం.

పూల్‌కి వెళ్లాను. కేటలాగు చూసి ఈత బట్టలు తెప్పించుకున్నాను, నల్లవి, పరదా గుడ్డంత ఉన్నాయి. బట్టలు మరుగుదొడ్డిలో గడియ పెట్టుకుని మార్చుకుని, మెడ నుంచి మోకాళ్ల దాకా తువ్వాలు చుట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. ఇరవై నిమిషాలు. ఇరీన్ నీళ్లలోంచి, "ఇంకాసేపు అక్కడే నిలబడితే మొలకలొస్తాయి, దిగవే" అని అరిచింది. ముసలాళ్లంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. తువ్వాలు పడేసి దిగాను.

నీళ్లు మెడ దాకా వచ్చాక ఏమైందో తెలుసా? నా మోకాళ్లకి నేను బరువు కాకుండా పోయాను. ఎన్నో ఏళ్ల తరవాత ఎక్కడా నొప్పి లేదు. అలాగే నిలబడి పోయాను. "నడువు, నడువు, ఇది స్నానాల తొట్టి కాదు" అంది ఇరీన్.

నువ్వు అడిగిన లెక్క. పోయిన నెల నా ఒళ్లు చేసిన పని: బడి మూసే ముందు ఇరవై కిలోల పిండి బస్తాలు రెండు, ఒక్కొక్కటిగా మెట్లెక్కించింది. దానికి ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు నేను.

ఇంకోటి. బడి ఆఖరి రోజున ఒక బన్ను కంచంలో పెట్టుకుని, టీచర్లందరి ముందూ బల్ల దగ్గర కూర్చుని తిన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. నెమ్మదిగా తింటే తెలిసింది, దాల్చినచెక్క మరీ ఎక్కువ వేస్తున్నాను. పదకొండేళ్లుగా పిల్లలు ఎలా తింటున్నారో పాపం.

స్టెఫా


హామిల్టన్,
ఆగస్టు 18.

అక్కా,

నా లెక్క. ఈ వారం రెండుసార్లు రెండు కిలోల లోపు వచ్చాను. మూడోసారి నాలుగు. ఆ నాలుగు రోజున నర్సుతో "మిషను తప్పు కాదు, నేనే తాగాను" అని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "దాహమేస్తే అప్పుడు ఏం చేస్తున్నారు?" అని అడిగి, నిమ్మచెక్క ఫ్రీజర్లో పెట్టుకుని చప్పరించమంది. ఈ నాలుగేళ్ల డయాలసిస్‌లో ముందే నిజం చెప్పి ఉంటే ఆ చిట్కా ఎప్పుడో వచ్చేది.

నా ఒళ్లు చేసిన పని: సరస్సు గట్టు దాకా నడిచింది. తిరిగొచ్చేటప్పుడు బస్సెక్కింది. దాన్ని ఏమీ అనలేదు.

లరిస


యార్క్‌టన్,
సెప్టెంబరు 27.

లరిసా,

మీ బావ అన్న కొడుకు పెళ్లి కనోరా ఊళ్లో అయింది. అన్నం కూరిన క్యాబేజీ ఆకు చుట్టలు, పెరోగీలు, సాసేజీ, మూడు రకాల కేకు. అన్నీ తిన్నాను. తిని పోల్కా డాన్సు ఆడాను. మీ బావకి రెండో పాటకే ఆయాసం వచ్చింది, నేను అయిదు పాటలు ఆడాను. ఇదీ నా ఒళ్లు చేసిన పని.

ఇదివరకైతే ఒక్క పూట అలా తింటే, ఇక పాడైపోయింది కదా అని నెల రోజులు తినేదాన్ని. ఈసారి సోమవారం ఆరింటికి పూల్‌లో ఉన్నాను. ఇరీన్‌కి చెబితే, "పాడవడానికి అదేమైనా పాలా?" అంది.

అంకెలు రాయొద్దన్నావు. ఒక్కసారి రాయనీ. నూట తొమ్మిది. ఈసారి నిజం. నమ్మకపోతే డోరిన్‌కి ఫోను చెయ్. ఎండాకాలం వచ్చేసరికి తొంభై మూడు దాకా దిగుతాను. డాక్టర్లతో కూడా చెప్పాను. లరిసా, నాకు మొదటిసారి జరుగుతుందని అనిపిస్తోంది. నాలో ఉన్న ఒకటి నీలోకి వెళ్తుంది. పూల్‌లో నడుస్తూ కుడివైపుదా, ఎడమవైపుదా అని ఆలోచిస్తుంటాను.

స్టెఫా


హామిల్టన్,
అక్టోబరు 20.

అక్కా,

ఫోన్లో ఒక్క నిమిషమే మాట్లాడగలిగాను. నువ్వు "దేవుడు చల్లగా చూశాడు" అని పెట్టేశావు. కాబట్టి అంతా రాస్తున్నాను.

థాంక్స్‌గివింగ్ పండగ సోమవారం, డయాలసిస్ మధ్యాహ్నం కాబట్టి పదకొండింటికి ఇంట్లో బంగాళాదుంపలు తొక్క తీస్తున్నాను, నేను తినడానికి కాదు, పక్కింటివాళ్ల విందుకి పట్టుకెళ్లడానికి. ఫోను మోగింది. "దాత దొరికారు, వెంటనే రండి" అన్నారు. ఎవరో పెద్దాయన, రోడ్డు ప్రమాదం. అంతకంటే చెప్పరు. చాకు చేతిలో పట్టుకునే టాక్సీ పిలిచాను. ఇంకో అయిదారేళ్లన్నది తొమ్మిది నెలలకే వచ్చింది.

పని చేస్తోంది అక్కా. మూడో రోజు మూత్రం సంచీ నిండిపోతుంటే నర్సులు పుట్టినరోజు పాట పాడినంత సంబరం చేశారు. ఒక గ్లాసు నిండా నీళ్లిచ్చి తాగమన్నారు. తాగమన్నారు! నేను గ్లాసు పట్టుకుని ఎవరో లాక్కుంటారేమో అని చుట్టూ చూశాను.

ఒక కుటుంబం ఆ సోమవారం ఏ స్థితిలో ఉందో తలుచుకుంటే ఈ సంతోషం సిగ్గుగా ఉంది. నిన్ను తలుచుకుంటే ఇంకా సిగ్గుగా ఉంది. టాక్సీలో కూర్చున్నాక గుర్తొచ్చావు, సగం దారిలో. అంతవరకూ రాలేదు. నీ పదిహేను కిలోలు, పొద్దున్న ఆరింటి చలి, అన్నీ బూడిదలో పోసిన పన్నీరు చేశానా? నిజం రాయి. చల్లగా చూశాడు లాంటి మాటలు వద్దు.

నీ లరిస


యార్క్‌టన్,
నవంబరు 30.

లరిసా,

నిజం రాయమన్నావు. రాస్తాను. చదివాక నన్ను అసహ్యించుకుంటే నీ తప్పేం లేదు.

నువ్వు ఫోను చేసినప్పుడు నా నోటితో దేవుడన్నాను. లోపల వచ్చిన మొదటి మాట అది కాదు. "అయితే నాది అక్కర్లేదా?" అన్నది మొదటి మాట. నా చెల్లెలు బతికిందని సంతోషపడాల్సిన నిమిషంలో, నాకు ఎవరో బహుమతి చూపించి లాక్కున్నట్టు అనిపించింది. పాపం ఎవరో చనిపోయిన మనిషి మీద నాకు కోపం వచ్చింది. అదీ నేను. ఆ తరవాత ఏడ్చాను, సంతోషంతోనే, కానీ అది రెండోది.

మీ బావ మంచితనం కొద్దీ, "పోన్లేవే, ఇక నీ ఇష్టమొచ్చినట్టు తినొచ్చు" అని బేకరీకి వెళ్లి పెద్ద డబ్బా పట్టుకొచ్చాడు. పండగకి వండిన టర్కీ కోడి మిగిలింది, గుమ్మడికాయ పైలు రెండు మిగిలాయి. గరాజులో నిలబడి తిన్నాను. చాలా రోజుల తరవాత నిలబడి. పూల్ మానేశాను, సంఘం మానేశాను. ఎందుకు వెళ్లాలి? పొద్దున్న అయిదున్నరకి అలారం మోగితే, ఎవరి కోసం లేవాలి అనిపించేది. నీ కోసం తగ్గొద్దని నువ్వు జూన్‌లోనే రాశావు. సరేనన్నాను. కానీ నేను నిన్ను కంచంలోంచి తీసి జేబులో పెట్టుకున్నాను, అంతే. ఆ జేబు ఖాళీ అయ్యేసరికి తెలిసింది.

అలా అయిదు వారాలు. మోకాళ్లు మళ్లీ మొదలుపెట్టాయి. బడిలో మెట్ల మీద ఆగాల్సి వచ్చింది. మొన్న పద్దెనిమిదో తారీకు గురువారం పొద్దున్న మంచం మీద కూర్చుని సాక్సు వేసుకుంటుంటే కాళ్లు ఎంత నొప్పెట్టాయంటే, పూల్‌లో ఆ నీళ్లు గుర్తొచ్చాయి. తగ్గాలని కాదు, డోరిన్ చప్పట్లు కాదు, నువ్వు కూడా కాదు. నీళ్లు. సంచీ తీసుకుని బయల్దేరాను.

నన్ను చూసి ఇరీన్, "మీ చెల్లెలికి కిడ్నీ వచ్చిందటగా. మరి నువ్వెందుకొచ్చావ్?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

"కాళ్లు అడిగాయి" అన్నాను.

"అవి అడిగితే ఇవ్వాలి మరి" అని పక్కకి జరిగి చోటిచ్చింది.

ఆ తరవాతి మంగళవారం డోరిన్ దగ్గరికీ వెళ్లాను. ఆవిడ చెవి దగ్గరికి వంగబోతుంటే ఆపి, నేనే అందరికీ వినపడేలా "నూట పదమూడు, నాలుగు పెరిగాను" అని చెప్పాను. మొహం మంటెత్తింది. కానీ చెప్పాను. వెనక కుర్చీలో కొత్తగా చేరిన ఒకామె, "నేను ఆరు" అంది.

సిగ్గు పోయిందని చెప్పను లరిసా. నలభై ఏడేళ్ల అలవాటు. అది నాతోపాటు పూల్‌కి వస్తుంది, నాతోపాటు ఇంటికొస్తుంది. రానీ. అది వస్తోందని నేను ఆగడం మానేశాను, అంతవరకే చెప్పగలను.

ఈ పొద్దున్న సంగతి ఒకటి రాసి ముగిస్తాను. ఈత అయ్యాక బట్టలు మార్చుకుందామని వెళ్తే మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. పైపు పగిలిందట. తడి బట్టలతో కాసేపు తచ్చాడాను. ఒళ్లు వణుకుతోంది, బడికి టైమవుతోంది. మిగతా ఆడవాళ్లంతా బెంచీల దగ్గర మనవల గురించి, మంచు గురించి మాట్లాడుకుంటూ బట్టలు మార్చుకుంటున్నారు. సంచీ బెంచీ మీద పెట్టి, వాళ్ల మధ్యలో నిలబడి, ఆ నల్ల ఈత గుడ్డ భుజాల మీంచి కిందికి లాగేశాను.

ఎవరూ చూడలేదు. ఎదురుగా గోడంత అద్దం ఉంది. నేను చూసుకున్నాను.

స్టెఫా